విరుగుతుంది, ఎక్కడో తెలీదు

మార్చి 3
నన్ను ఏడాదిగా తినేస్తున్న సంఖ్య ఇది: 1277 రెండ్లని ఒకదానితో ఒకటి గుణించి, అందులోంచి ఒకటి తీసేయాలి. 385 అంకెలు. అది ప్రైమ్ కాదని రుజువైపోయింది. కానీ దాన్ని ఏ సంఖ్య భాగిస్తుందో ఇంతవరకూ ఎవరికీ దొరకలేదు. విరుగుతుందని తెలుసు. ఎక్కడో తెలీదు. ఒళ్ళు మండిపోతోంది.

మార్చి 5, ఉదయం 6
ప్రైమ్ అవునో కాదో తేల్చే టెస్ట్ నేనే పాత కంప్యూటర్లో నడిపాను. నాలుగుతో మొదలు. వర్గం చేసి రెండు తీసేయాలి, ఆ పెద్ద సంఖ్యతో భాగించి శేషం ఉంచుకోవాలి. ఇలా 1275 సార్లు. చివర సున్నా మిగిలితే ప్రైమ్. మిగల్లేదు. రెప్పపాటులో తేలిపోయింది.
కారణాంకం కావాలంటే మాత్రం జన్మంతా వెతకాలి. ఒక్కటే ఆధారం: అది 2554 గుణిజానికి ఒకటి కలిపినట్టు ఉంటుంది. నోట్‌బుక్కులు నిండిపోతున్నాయి.

మార్చి 6
మూడు 2554లకి ఒకటి కలిపితే 7663. చూడ్డానికి అచ్చం ప్రైమే. కాదు. 79 × 97. వెధవ.

మార్చి 9
పోత ఇనుము షాపులో నాది చెకింగ్. చక్రాన్ని వేలాడదీసి సుత్తితో కొడతాను. మంచిదైతే ఖంగుమని చాలాసేపు మోగుతుంది. రోజంతా సుత్తి కొట్టేది నేను, 'సుత్తి' అని పేరు మాత్రం సూపర్‌వైజర్‌కి. ఆయన నోరు విప్పితే అంతే మరి.
ఇవాళ ఒక చక్రం తడిసిన అట్ట మీద కొట్టినట్టు పలికింది. ఆసుపత్రి లిఫ్ట్‌కి వెళ్ళే చక్రం. కిరసనాయిలు పూసి, తుడిచి, పైన సున్నం పూశాం. పైన పగులుంటే మరక తేలాలి. తేలలేదు. పగులు లోపలుంది.
పగులేదీ, వేలు పెట్టి చూపించు తల్లీ, లేదా ఓకే ముద్ర కొట్టు, గురువారం లారీ వస్తుంది, అన్నాడు సుత్తి. నా 385 అంకెల సంగతి చెప్పాను. ఎక్కడో తెలీకపోయినా ఉందని తెలియొచ్చన్నాను. అంత లెక్కలొస్తే బళ్ళో చేరు, మా ప్రాణాలు తీయకు, అన్నాడు. అందరూ నవ్వారు.

మార్చి 10
ఆ చక్రాన్ని మూడు రోజులు లేత్ మీద నునుపు చేసింది పెదనాన్న. నన్ను ఇక్కడ పెట్టించింది, చక్రాన్ని వినడం నేర్పింది ఆయనే. ఇవాళ ఆయనే, బంగారంలా మోగుతోంది కదే, నలుగురిలో నా పరువు తీస్తావేంటి అన్నాడు. అబద్ధం! పెదనాన్న అబద్ధం!

మార్చి 11, మధ్యాహ్నం
అబద్ధం కాదు.
భోజనం బెల్లు ఆయన వెనకే మోగింది. తల తిప్పలేదు. పక్కవాళ్ళు లేచాక లేచాడు. అనుమానమొచ్చి వెనక నిలబడి మంచి చక్రాన్నీ, దీన్నీ కొట్టాను. రెండూ ఒకటేనన్నాడు. ముప్పై ఏళ్ళ లేత్ చెవుల్ని తినేసింది.
ఈ మాట పైకి పొక్కితే ఆయన్ని మిషన్ మీద ఉండనివ్వరు. చెప్పకపోతే చక్రం లిఫ్ట్ ఎక్కుతుంది.
పక్కకి పిలిచి ఆయనకొక్కడికే చెప్పాను. చెంప పగలగొడతాడనుకున్నాను. తిరిగి లేత్ దగ్గరికి వెళ్ళిపోయాడు.

మార్చి 12
లారీ వచ్చింది. నేను ముద్ర కొట్టనన్నాను. అయితే రేపట్నుంచి రావద్దని సుత్తి నా చేతిలోంచి ముద్ర లాక్కున్నాడు. అప్పుడొచ్చాడు పెదనాన్న. ఒక కర్ర తెచ్చాడు. ఒక కొస మంచి చక్రానికి ఆనించి, రెండో కొస పళ్ళతో కరిచి పట్టుకుని, కొట్టవే అని సైగ చేశాడు. కొట్టాను. మోత పూర్తిగా ఆగేదాకా అలాగే ఉన్నాడు. తర్వాత ఈ చక్రం. కొట్టీ కొట్టగానే కర్ర తీసేశాడు.
సుద్దముక్కతో తన చక్రం మీద తనే రిజెక్ట్ అని రాశాడు. పగులు చూపించమన్నాడు సుత్తి. ఉందన్నాక దాని అడ్రస్ కూడా కావాలేంట్రా నీకు, అన్నాడు పెదనాన్న.
చక్రం లేకుండానే లారీ వెళ్ళింది. నా ముద్ర నాకు తిరిగొచ్చింది. చెవులు పనిచెయ్యకే పళ్ళతో విన్నాడని అందరికీ అర్థమైంది. సాయంత్రానికి లేత్ ఆపించి, చెవుల డాక్టర్ దగ్గరికి వెళ్ళమన్నారు.

మార్చి 15
పెదనాన్న ఇంటికి వెళ్ళాను. గట్టిగా మాట్లాడాను. ఎందుకే అరుస్తావు, నేనేమన్నా చెవిటివాణ్ణా, అన్నాడు. అనేసి, తనే నవ్వాడు.
ఇంకా గట్టిగా మాట్లాడాను.