పద్నాలుగో తారీకులోగా ఎడమకన్ను

జగ్గయ్యపేట,
10-8-1961.

నందిగామ సబ్ మేజిస్ట్రేటు వారి సముఖమునకు,

అయ్యా,

విషయం: సబ్ జైలులో ఉన్న మా నాన్నగారు, మిషన్ బడి ఉపాధ్యాయులు ఏలీయాగారిని కంటి ఆపరేషను నిమిత్తం వెంటనే విడుదల చేయుట గురించి.

1. మా నాన్నగారికి నీటికాసుల జబ్బు, కంటిలో ఒత్తిడి పెరిగి చూపు పోవును. కుడికన్ను రెండేళ్ల క్రితమే పోయినది. ఎడమకంట్లో నీరు బయటికి పోవడానికి బెజవాడ కంటి డాక్టరుగారు జూన్ నెలలో కోసి దారి చేశారు. మూడు వారాలకు ఆ దారి పూడుకుపోయినది. డాక్టరుగారు రెప్ప మీద వేళ్లు ఆనించి, "గోలీలాగ గట్టిగా ఉందండి మాస్టారూ" అన్నారు. మందులతో ఒత్తిడి తగ్గించుకుని పద్నాలుగో తారీకుకు రమ్మన్నారు. తగ్గకుండా కత్తి పెడితే కన్నే పగులుతుందట.

2. డాక్టరుగారి చుక్కల చీటీతో ఏడో తారీకున మా ఊరి కాంపౌండరు సాంబయ్యగారి వద్దకు వెళ్లితిమి. ఆయన ఆపరేషను అయిన వారినందరినీ బల్ల మీద వరసగా కూర్చోబెట్టి, ఒకే సీసా నుండి చుక్కలు వేయుదురు. అది శుక్లాలు తీసిన కళ్లకు వేసే అట్రోపిన్. చీటీలో ఉన్నది పైలోకార్పిన్. మొదటిది కంటిపాపను విప్పును, రెండవది ముడుచును; ఈ జబ్బులో విప్పితే ఒత్తిడి ఇంకా పెరుగును. నేను మెల్లగా, "ఇది వేరేదండి" అన్నాను.

"కాన్వెంటు అమ్మాయిగారు డాక్టరు కోర్సు ఎప్పుడు చదివారండీ?" అన్నారు సాంబయ్యగారు. బల్ల మీది వారందరూ నవ్వారు. రెండు చుక్కలు పడినవి.

3. ఆ మధ్యాహ్నం నాన్నగారు వాంతులు చేసుకుని, నుదురు చిట్లేదాకా తలను గుమ్మానికేసి కొట్టుకున్నారు. "రాణీ, గరిటె తే. ఈ గుడ్డు తవ్వేయ్" అన్నారు. నేను గరిటెలు, కత్తిపీట బావిలో పడవేశాను.

4. మర్నాడు ఉదయం, వెలుతురు సూదుల్లా గుచ్చుతున్నందున తడి తుండు కళ్లకు కట్టుకుని, చీటీలోని మందే అడుగుదామని మళ్లీ వెళ్లారు. సాంబయ్యగారు, "గుడ్డ విప్పండి మాస్టారూ. ఇంకో రెండేస్తే అదే సర్దుకుంటది" అని అదే సీసా తీశారు. పిమ్మట మందులు నూరే కల్వం బండతో సాంబయ్యగారి దవడ మీద దెబ్బ పడినది. రెండవ దెబ్బకు పళ్లు రెండు ఊడినవి. నాన్నగారు నేరం ఒప్పుకున్నారు.

5. తమ ఉత్తరువు లేనిదే సరైన మందు కూడా జైలు లోపలికి పంపడానికి వీలు లేదట. ఇంక నాలుగు రోజులే ఉన్నవి.

కనుక ఈ అర్జీని నేడే చిత్తగించవలెను. పద్నాలుగు దాటిన తరువాత చిత్తగించి ప్రయోజనం లేదు.

తమ విధేయురాలు,
ప్రమీలారాణి.

మరొక మనవి: పైన నాలుగో అంకెలో ఎవరు కొట్టారో వ్రాయలేదు. నాన్నగారు నా భుజం పట్టుకుంటే గానీ గుమ్మం దాటలేకపోయారు. కళ్లకు గుడ్డ ఉన్నది. అటువంటి మనిషి రెండు దెబ్బలూ ఒకే దవడ మీద వేయలేడు. కొట్టినది నేను. మూడోది పడకపోవడం నా దయ కాదు, బండ చేతిలోంచి జారినది. సాంబయ్యగారు నాన్నగారి పేరే చెప్పారు. ఆడపిల్ల కొట్టిందని చెప్పుకోలేకపోయారు కాబోలు. పోలీసులు వచ్చినప్పుడు నాన్నగారు నా చెయ్యి నొక్కి, "నోరు మెదపకు. నేనెలాగూ గుడ్డివాణ్ణే" అన్నారు.

సీసా మీద పేరు చదివి కూడా, నవ్వారని ఒకసారి ఊరుకున్నాను. రేపు మొదటి బస్సుకు మేనత్త దేవమణితో నందిగామ వస్తున్నాను. నాన్నను అత్తతో బెజవాడ బస్సు ఎక్కించండి. ఆయన ఉన్న జైలు గదిలోకి నేను వెళతాను.