ఖాళీ సీటుతో పట్టిన దారం

నాయినా,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. జాగీర్దారు దగ్గర వికారాబాద్ సేఠ్ కొన్న పాత స్పోర్ట్స్ కారు పొద్దున మన తాండూరు షెడ్డుకు మళ్లీ వచ్చింది. పోయిన వారమే ముందు చక్రాల వరస సరిచేసి పంపాను. అయినా కుడికి లాగుతోందట.

నడిపే మనిషిని సీట్లో కూర్చోబెట్టాకే నువ్వు, చక్రాలు తిన్నగా ఉన్నాయో లేదో చూడ్డానికి, వాటి వెంట దారం పట్టేవాడివి. భారీ మనిషి సేఠ్ ఎక్కితే ఆ తేలిక బండి ఒక పక్క కుంగుతుంది. నేను తొందరపడి ఖాళీ బండికే పట్టాను.

"ఎందుకు గిట్లయింది?" అన్నాడు సేఠ్.

"ఖాళీ బండికే దారం పట్టిన. మా నాయిన గిట్లనే నేర్పిండు" అని నీ మీదికి నెట్టేశాను.

సేఠ్ చెప్పులు విడిచి బండెక్కి, కదలకుండా కూర్చున్నాడు.

"మీ నాయిన నన్ను గిట్లనే కూసోబెట్టేటోడు. ఇగ దారం పట్టు."

పని అయ్యేదాకా తలెత్తలేదు, నాయినా.