ఆ చెయ్యి మా చెల్లెలిది

విశ్వవిద్యాలయం వైస్ ఛాన్సలర్ ఫాదర్ గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: పూర్వ విద్యార్థుల హాలులోని ఫోటోలో మా చెల్లెలి చెయ్యి మాత్రం ఉంచి, మనిషిని తీసివేయుట గురించి.

విన్నవించునది ఏమనగా, నేను ఊరి బడిలో అయిదో తరగతి వరకు చదివినవాడను. అర్జీలో తప్పులుంటే మన్నించగలరు. మీ తప్పును మాత్రం నేను మన్నించలేకున్నాను.

1. మా చెల్లెలు మఠంలో చేరిన సిస్టర్. మీ దగ్గరే చదివి డాక్టరేట్ పొందినది. తాగే నీటిలో విషం ఉంటే రంగు మారి తెలిపే పరీక్షను ఆమె, ప్రొఫెసర్ గారు కలిసి కనిపెట్టిరి. ఆనాటి ఫోటోలో ప్రొఫెసర్ గారు కూర్చుని ఉండగా, ఆమె పక్కన నిలబడి గాజుగొట్టం పట్టుకుని ఉన్నది.

2. పేరు తెచ్చిన విద్యార్థుల కోసం కట్టిన కొత్త హాలులో ఆ ఫోటోను పెద్దది చేసి పెట్టితిరి. తెరిచేనాడు జనంలో చూడాలంటే నాకు సిగ్గు. అందుకని ముందే వెళ్లి చూసితిని. ప్రొఫెసర్ గారు ఉన్నారు. గాజుగొట్టం ఉన్నది. దానిని పట్టుకున్న చెయ్యి ఉన్నది. మణికట్టు దగ్గర ఫోటో అయిపోయినది. చిటికెన వేలు వంకర. మా అమ్మ వేలూ అంతే. అది ఎవరి చెయ్యో నాకు ఎవరూ చెప్పనక్కరలేదు.

3. ఆఫీసులో గుమాస్తా గారిని అడిగితిని. ఫోటో వెనుక "ప్రొఫెసర్, సిస్టర్" అని రాసి ఉన్నదట.

"ఇంట్లోవాళ్లని గోడమీద పెట్టం తాతగారూ. అందుకే ప్రొఫెసర్ గారి సిస్టర్ని తీసేశాం."

"ఆయన సిస్టర్ కాదు బాబూ. నా చెల్లెలు."

"అంటే మీరు ప్రొఫెసర్ గారికి అన్నగారా?"

పక్క టేబుళ్లవాళ్లు పకపకా నవ్విరి. బయటికి వచ్చి మెట్లమీద కూర్చుంటిని.

అయ్యా, మిమ్మల్ని అందరూ ఫాదర్ అంటారు. ఎవరికి నాన్న అని ఏ గుమాస్తా అయినా అడిగాడా? చర్చి వారు నడిపే చోట సిస్టర్ అంటే ఏమిటో ఒక్కరికీ తెలియకపోయిందా? ఇంత చదువు ఎందుకండీ మీకు?

4. ఆదివారం హాలు తెరుస్తున్నారు. మఠం వాళ్లందరినీ పిలిచారు. మా చెల్లెలు చక్రాల కుర్చీలో వస్తుంది. తన ఫోటో పెట్టారని ఎవరో చెప్పారట. "అన్నయ్యా, నువ్వూ రా. ఒక్కదాన్నే నన్ను నేను చూసుకోవాలంటే సిగ్గేస్తుంది" అంది. చెయ్యి తప్ప ఏమీ లేదని ఏ నోటితో చెప్పను?

కావున ఆదివారం లోపల ముఖంతో సహా నిండు ఫోటో పెట్టించి, కింద ఆమె పేరు, డాక్టరేట్ రాయించవలెను. అది చేతకాకపోతే ఆ చెయ్యి కూడా తీసేయండి. అది మాది. గాజుగొట్టం గాలిలో ఎలా నిలుస్తుందో మీ పరిశోధకులే చెప్పుకుంటారు.

ఈ నాలుగు ముక్కలూ చిత్తగించి, ఆదివారానికి ముందే ఆజ్ఞ దయచేయవలెను.

తమ విధేయుడు,
సిస్టర్ గారి సొంత అన్న

మరొక మాట: నిండు ఫోటో మా ఇంట్లో ఉంది. అప్పట్లో చెల్లెలే అమ్మకు పంపింది. మీరు మార్చకపోతే దాన్ని తెచ్చి, ఆ తెగిన మణికట్టు పక్కన ఆనించి పట్టుకుంటాను. నలుగురిలో నేను మాట్లాడలేను. నిలబడగలను.