గోపి తాగిన కొబ్బరి బొండాం

ఆదివారం, రాత్రి.

హైస్కూల్ ఫుట్‌బాల్ టీమ్‌లో మా గోల్‌కీపర్ గోపిని చాన్నాళ్లకు ఈరోజు కలిశాను. ఇద్దరం గ్రౌండ్ పక్కనుండే అప్పలమ్మత్తని చూడ్డానికి వెళ్లాం. అప్పట్లో బంతి ఆమె పెరట్లో పడితే "మీ కాళ్లిరిగిపోను!" అని తిట్టేది, ఆ వెంటనే బొండాలు కొట్టి ఇచ్చేది. ఇన్నాళ్లూ రానందుకు ఈరోజూ తిట్టింది. ఈరోజూ బొండాలు కొట్టింది.

గోపి బొండాం పట్టుకుని ఊరికే కూర్చున్నాడు. "తాగరా! అత్త సేత్తో ఇత్తే వొద్దంటావేటి?" అని నేను కెప్టెన్‌గా ఉన్నప్పటిలాగే అరిచాను. గటగటా తాగేశాడు.

తిరిగొచ్చే దారిలో చొక్కా చెయ్యి పైకి మడిచి చూపించాడు. నరం తాడులా ఉబ్బి ఉంది. వారానికి రెండుసార్లు పలాస వెళ్లి డయాలసిస్ చేయించుకుంటున్నాడట. మంచినీళ్లే కొలుచుకుని తాగాలట. కొబ్బరినీళ్లయితే గుండెకే ప్రమాదమట, అసలు ముట్టకూడదట.

"మరెందుకు తాగినావురా?"

"నువ్వరిత్తే నేనెప్పుడైనా ఆగినానేటి మావా?" అని నవ్వాడు.

నేనూ ఊరూరా కిడ్నీ రోగులుండే ఉద్దానంలోనే పుట్టాను. అయినా ఇంత ఎండలో వాడు ఫుల్ హ్యాండ్స్ చొక్కా ఎందుకు వేసుకున్నాడో నాకు తట్టలేదు.

ఇందాక ఫోన్ చేస్తే వాళ్లావిడ ఎత్తింది. "పడుకున్నారన్నయ్యా. రోజూ నీళ్ల కోసం గొడవ సేత్తారు. ఈరోజేటో దాహం లేదన్నారు. మిమ్మల్ని సూసిన సంతోషం కాబోలు" అంది.

"అవునమ్మా" అని పెట్టేశాను.

మళ్లీ చేసి బొండాం సంగతి చెప్పాలి. ఫోన్ ఇంకా చేతిలోనే ఉంది...