అర మెట్టు కిందికి

సోమవారం

ప్రియమైన అన్నయ్యకి,

టేపులు క్షేమంగా చేరాయి. మీ పాటల మాస్టారు ఒక్కో డబ్బానీ పాత తువ్వాలులో చుట్టి, పైన తాడుతో బిగించి పంపారు. విప్పేసరికి నా గోళ్లు అరిగిపోయాయి. తాళాలు విప్పే అన్నయ్య పక్కన ఉంటే బాగుండేదనుకున్నాను.

మా ఎడిటింగ్ గది నీకు తెలుసుగా. కిటికీ లేదు, ఇద్దరు కూర్చుంటే మూడోవాళ్లు నిలబడాలి. పొద్దున తొమ్మిదింటికి హెడ్‌ఫోన్లు పెట్టుకున్నదాన్ని భోజనం సంగతి మర్చిపోయాను. నాలుగున్నర శతాబ్దాల కిందట ఎవరో లాటిన్‌లో రాసిన ప్రార్థన. వాయిద్యం లేదు. ఆరు గొంతులు, పాత చర్చి రాతి గోడలు, అంతే. పిన్ని ఒక వాక్యం మొదలుపెడుతుంది. అది పూర్తి కాకముందే మందుల షాపావిడ అదే వాక్యాన్ని కొంచెం కింద నుంచి అందుకుంటుంది, ఆ తర్వాత పొడుగాయన, అలా ఒకరి వెనక ఒకరు. ఇంక అందరూ వచ్చేశారనుకున్నాక అడుగున నువ్వు వస్తావు. నువ్వు వచ్చాక గానీ మిగతా ఐదుగురూ దేనిమీద నిలబడ్డారో తెలియదు. ఒక్క మాట అర్థం కాకపోయినా ఏడుపొచ్చేసింది. ఇరవై ఏళ్లుగా రోజూ పాటలు కోసి అతికించే దాన్ని, టేపు ముందు కూర్చుని ఏడవడం ఇదే మొదలు.

ఇప్పుడు చిక్కు చెబుతాను. శాంతినివ్వమని అడిగే చివరి భాగం ఉంది చూడు, దాన్ని మీరు మూడుసార్లు పాడారు. మొదటిసారి పొడుగాయన దగ్గాడు. రెండోసారి పాడింది అద్భుతం, కానీ ఆరో నిమిషంలో బయట లారీ హారన్ కొట్టింది. మూడోసారి ఎవరో కాగితాలు కింద పడేశారు. నా పని ఏమిటి? రెండోదాంట్లో లారీ ఉన్న ముక్క తీసేసి, మూడోదాంట్లో ముక్క పెట్టడం. పెడితే అతకడం లేదు. ఎందుకంటే మీరు పాడుతూ పాడుతూ అందరూ కిందికి దిగిపోతున్నారు. మొదలైన శ్రుతికీ ముగిసిన శ్రుతికీ అర మెట్టు తేడా. పైగా ఒక్కోసారి ఒక్కోలా దిగారు. అతికిన చోట మెట్టు ఊడిన నిచ్చెన ఎక్కినట్టుంది.

మాస్టారికి ఫోన్ చేశాను. ఆయన ముక్కుసూటి మనిషి కదా, "ఎవరో ఒకరు లాగుతున్నారమ్మా. ఒక్కొక్కరి ముందూ మైకు పెట్టించింది అందుకే. ఎవరో కనిపెట్టు. ఆ మనిషిని పక్కన పెట్టి మూడు వారాల్లో మళ్లీ రికార్డు చేద్దాం," అన్నారు. పిన్నికి ఈ గొడవ చెప్పకు. అరవై ఎనిమిదేళ్లకి మొదటిసారి తన గొంతు రికార్డుకి ఎక్కుతోందని చెవులు చిల్లులు పడేలా ఊరంతా చెప్పుకుంటోంది. ఎవరై ఉంటారంటావ్?

నీ చెల్లి


శుక్రవారం

చెల్లాయ్‌కి,

నీ ఉత్తరం షాపులోనే చదివాను. ఎదురుగా ఒకావిడ తన బీరువా తాళం పోయిందని నిలబడి ఉంది, నేను నవ్వుతుంటే ఆవిడకి ఒళ్లు మండింది.

ఎవరై ఉంటారని నన్నడుగుతావేం? పొడుగాయనే అయ్యుంటాడు. రోజంతా ఉత్తరాలు పంచి వచ్చి నిలబడి పాడితే కాళ్లు లాగవూ, కాళ్లు లాగితే శ్రుతి లాగదూ? లేదా ఆ చర్చి చలి. మాస్టారికి జేబులో, కొడితే ఒకే స్వరం పలికే శ్రుతిదండం ఉంది కాబట్టి లోకమంతా దాని ప్రకారం మోగాలంటాడు. అర మెట్టు దిగితే ఏం మునిగిపోయింది? అందరం కలిసే దిగాం కదా. వినేవాళ్లలో ఎంతమంది దండం పట్టుకుని కూర్చుంటారు?

నా మాట విని ఆ వేట మానెయ్. హారన్ ఉంటే ఉండనీ.

పిన్ని బాగుంది. నువ్వు పంపబోయే రికార్డు కోసం అలమారలో పై అర ఖాళీ చేసింది. అక్కడున్న నా పాత బూట్లు ఇప్పుడు మంచం కింద ఉన్నాయి. సాధనకి వెళ్లేటప్పుడు నా చెయ్యి పట్టుకుని నడుస్తుంది, అక్కడికి చేరగానే వదిలేస్తుంది. నేను పట్టుకుని తీసుకొచ్చానని వాళ్లకి తెలియకూడదట. గుండ్రంగా నిలబడతాం కదా, నాకు సరిగ్గా ఎదురుగా పిన్నే ఉంటుంది. నాకు మాస్టారి చెయ్యి కన్నా ఆవిడ నోరే బాగా కనిపిస్తుంది.

వేళకి తిను.

అన్నయ్య


బుధవారం

ప్రియమైన అన్నయ్యా,

ఈ ఉత్తరం నాలుగుసార్లు మొదలుపెట్టి చింపేశాను. నీళ్లు నమలకుండా చెప్పేస్తాను. ఆ మనిషివి నువ్వే.

ఒక్కొక్క మైకూ విడిగా విన్నాను. మిగతావాళ్లు తర్వాతి స్వరాన్ని కింద మొదలుపెడతారు, అంతే. నువ్వు మాత్రం పట్టుకున్న స్వరం మధ్యలోనే జారతావు. వెంట్రుకవాసి. ఆ వెంటనే అందరూ నీ మీదికి దిగుతారు. రెండోసారి పాడినదాంట్లోనే పదకొండు చోట్ల లెక్కపెట్టాను. పిన్ని మైకు ఒక్కటే తెరవలేదు. అమ్మ పోయాక మనిద్దరికీ స్వరం అంటే ఏమిటో చెప్పింది ఆవిడ. ఆవిడకి పరీక్ష పెట్టడానికి నాకు చెయ్యి రాలేదు, అవసరమూ కనిపించలేదు.

నీకు ముందే తెలుసు కదూ? అందుకే కదా వేట మానమన్నావ్? నాకు కోపంగా ఉంది, ఏడుపూ వస్తోంది. పదిహేనేళ్లుగా వారానికి రెండు సాయంత్రాలు నువ్వు బతికేది దానికోసమే అని నాకు తెలియదా? మాస్టారికి ఇంకా చెప్పలేదు. చెబితే నిన్ను తీసేస్తారు. చెప్పకపోతే రికార్డే రాదు, పిన్ని గొంతు కూడా ఈ డబ్బాల్లోనే ఉండిపోతుంది. ఏం చెయ్యమంటావో నువ్వే చెప్పు.

చెల్లి


శనివారం

చెల్లాయ్,

నువ్వు సరిగ్గానే పట్టుకున్నావు. నేనే.

నీ ఉత్తరం అందిన సాయంత్రమే వెళ్లి మాస్టారికి చెప్పేశాను. నీకు ఆ బాధ అక్కర్లేదు. ఆయన "నీ నిజాయితీ మెచ్చుకోవాలయ్యా" అన్నాడు. నా జాగాలో కోర్టు గుమాస్తా ఒకాయన వస్తున్నాడు. గొంతు గంట కొట్టినట్టు ఉంటుందట. వచ్చే శనివారం మళ్లీ రికార్డింగు. పిన్నికి మాత్రం నా గొంతులో ఏదో కాయ లేచిందని, డాక్టరు మూడు నెలలు పాడొద్దన్నాడని చెప్పాను. రోజుకి రెండుసార్లు నోరు తెరిపించి టార్చి వేసి చూస్తోంది. ఏమీ కనపడక ఇంకా భయపడుతోంది.

నాకు బాగానే ఉంది. సాయంత్రాలు షాపు ఒక గంట ఎక్కువ తెరిచి ఉంచుతున్నాను. నిజం చెప్పాలంటే బాగాలేదు, కానీ అదే సర్దుకుంటుంది.

ఒక్క మాట. ఆ పాత టేపులు ఇంక తెరవకు. పని అయిపోయింది కదా.

అన్నయ్య


గురువారం

అన్నయ్యా,

తెరవొద్దన్నావని తెరిచాను.

మా దగ్గర పనికిరాని టేపులు చెరిపేసి మళ్లీ వాడతారు. చెరిపేలోగా నీ గొంతు ఒక్కటి నాకోసం దాచుకుందామనుకున్నాను. నీది విడిగా వింటే పాపం దిక్కులేనివాడిలా ఉన్నావు. తోడుగా పిన్ని మైకు కలిపాను.

పిన్ని ముందు దిగుతోంది. ఊపిరి చాలక, వాక్యం చివర, పైస్వరం మీద. అర సెకను తర్వాత నువ్వు జారుతున్నావు. జారడం కాదు, ఆవిడ ఎక్కడుందో చూసి అక్కడికి దిగుతున్నావు. నువ్వు దిగగానే మిగతా నలుగురూ నీ మీద నిలబడతారు. ఆ క్షణంలో ఆరు గొంతులూ కలిసిన తీరు వింటే ఎక్కడా అపశ్రుతి లేదు. నువ్వు గనక మాస్టారి దండం ప్రకారం మొండిగా నిలబడి ఉంటే పిన్ని ఒక్కతే బయటపడిపోయేది. నన్ను మొదటిరోజు ఏడిపించింది సరిగ్గా ఈ చోట్లే, ఇప్పుడు వెతికి చూసుకున్నాను. తొమ్మిది చోట్ల విన్నాను. తర్వాత వినలేకపోయాను.

ఇంత పప్పులో కాలేసిన ఎడిటర్ ఇంకొకరు ఉండరు. నువ్వెందుకు ఒప్పుకున్నావని అడగను, తెలుసు. కానీ రికార్డింగు ఎల్లుండి. మాస్టారికి నిజం చెబితే పిన్నిని తీసేస్తారు. చెప్పకపోతే నిన్ను తీసేసినట్టే. ఫోన్ తీసి మూడుసార్లు పెట్టేశాను. ఈ ఉత్తరం నీకు ముందే చేరితే బాగుండు.

చెల్లి


మంగళవారం

ప్రియమైన చెల్లాయ్‌కి,

నీ ఉత్తరం నిన్న వచ్చింది. రెండు రోజులు ఆలస్యం. వరసగా చెబుతాను, కంగారు పడకు.

శనివారం మధ్యాహ్నం నేను షాపులో ఒక పెట్టె తాళం విప్పదీసి కూర్చున్నాను. పాట పుస్తకం చంకలో పెట్టుకుని పిన్ని ఒక్కతే నడిచి వచ్చింది. వచ్చి, కస్టమర్ల బల్ల మీద కూర్చుని, "నోరు తెరువు," అంది. తెరిచాను. "ఇందులో కాయా లేదు, పండూ లేదు. ఎందుకబద్ధమాడావురా?" అంది.

జరిగిందేమిటంటే, గుమాస్తాగారు గంటలాగే పాడాడట. కదలడు, మెదలడు. మూడో పేజీకి వచ్చేసరికి పిన్ని గొంతు అందరికీ విడిగా వినబడింది. మాస్టారు ఆపించాడు. మళ్లీ మొదలుపెట్టారు. మళ్లీ అంతే. పొడుగాయన నేల చూపులు చూశాడట. మూడోసారి పిన్నే చెయ్యెత్తి, "ఆగండి. తప్పు ఆయనది కాదు, నాది," అని పుస్తకం మూసేసి వచ్చేసింది.

నేను ఓదార్చబోయాను. "ఆగు, నీకు అసలు సంగతి తెలీదు," అంది. "రెండేళ్లుగా నువ్వే దిగుతున్నావనుకున్నాను రా! ఎదురుగా నిలబడి వింటున్నా కదా, అడుగు గొంతు జారుతోంది, వీడు అలిసిపోతున్నాడు, మాస్టారు కనిపెడితే వీడు ఏమైపోతాడు అని, నిన్ను కాయడానికి నేనూ దిగుతూ వచ్చాను. ఎవరికీ తెలీకుండా ఎంత బాగా కాస్తున్నానో అని గొప్ప కూడా పోయాను. ఇవాళ నువ్వు లేవు. కాయడానికి ఎవరూ లేరు. అయినా దిగిపోయాను."

అప్పుడేడ్చింది. నేనూ ఏడ్చాను. బీరువా తాళం ఆవిడ మళ్లీ వచ్చి, మా వాలకం చూసి, రేపొస్తానని వెళ్లిపోయింది.

ఆదివారం మాస్టారు ఇంటికొచ్చాడు. నేను దాచలేదు, అంతా చెప్పాను. తన దగ్గరున్న నకలు టేపు తెచ్చి, రెండోసారి పాడింది మొదటి నుంచి చివరిదాకా మా ముందే పెట్టాడు. దండం జేబులోంచి తీయలేదు. అయిపోయాక, "నేను పదిసార్లు విన్నాను, పదిసార్లూ ఎవరిది తప్పో వెతుకుతూ విన్నాను. పాటని పాటగా వినడం ఇదే మొదలు," అన్నాడు. కోయడం లేదు, అతకడం లేదు, ఉన్నది ఉన్నట్టు వేసేయమన్నాడు. లారీ సంగతి అడిగితే, "శాంతి అడిగేవాళ్లకి లారీలు మామూలే," అన్నాడు. ఆయన జోకు వెయ్యడం నేనెప్పుడూ చూడలేదు.

గుమాస్తాగారికి ఆయనే నచ్చజెప్పి పంపేశాడు. వచ్చే బుధవారం నుంచి నేను మళ్లీ సాధనకి వెళ్తున్నాను. పిన్ని పై గొంతు మందుల షాపావిడకి ఇచ్చేసి, తను ఒక వరస కిందికి వస్తానంది. ఎవరూ అడగలేదు, తనే అంది. అన్నాక చాలాసేపు వంటింట్లో గిన్నెలు తోమింది. తోమినవే మళ్లీ తోమింది. దానికి మనం చెయ్యగలిగింది ఏమీ లేదు చెల్లాయ్.

టేపు ఫ్యాక్టరీకి పంపెయ్. నువ్వు ఏ తప్పూ చెయ్యలేదు. షాపుకి వేళవుతోంది, కవరు మీద చిరునామా రాసి పిన్నికి ఇస్తున్నాను, ఆవిడ అంటించి పోస్టు చేస్తుంది.

ఎప్పటికీ నీ
అన్నయ్య


చిన్నమ్మడూ,

వాడు వెళ్లాడు. కవరు ఇంకా అంటించలేదు.

నువ్వు తొమ్మిది చోట్ల విన్నావట, అన్నింట్లోనూ ముందు దిగింది నేనేనట. వాడు నీ ఉత్తరాలు దాచాడు గానీ నాకు వాడి దాపరికాలన్నీ తెలుసు, చదివాను. ఒప్పుకుంటాను. కానీ నువ్వు మొదట లెక్కపెట్టినవి పదకొండు కదా, ఇంకా రెండు చోట్లున్నాయి. నాకు బాగా గుర్తు, చివరి పేజీలో, అందరం అలిసిపోయాక. అక్కడ వాడే ముందు దిగాడు, నేను వెనకాల వెళ్లాను. కావాలంటే విని చూసుకో.

విన్నాక ఆ సంగతి వాడికి మాత్రం రాయకు.

పిన్ని