రెండు అరచేతులు

జనవరి 12, 2023, గురువారం

విన్నిపెగ్‌లో ఒక క్యాసినోలో, పేకముక్కలు పంచే డీలర్ ట్రైనింగ్‌కి సెలెక్ట్ అయ్యాను. మూడు వారాలు. తరవాత మంగళ, గురు, శనివారాలు పగటి షిఫ్ట్. వేర్‌హౌస్‌లో బాక్సులెత్తి నడుం పడిపోయిన నాకు ఇది స్వర్గమే.

ఇంటికి మాత్రం హోటల్లో ఫ్రంట్ డెస్క్ అని చెప్పాను. నాన్న ఫోన్లోనే పది నిమిషాలు ప్రార్థన చేశారు, హోటల్ పేరు అడిగి మరీ. నాన్న పాలకొల్లులో పాస్టరు. ఇంట్లో పేకముక్క ఉంటే దేవుడు గుమ్మంలోంచే వెనక్కి తిరిగి వెళ్ళిపోతాడని చిన్నప్పుడు చెప్పేవారు. ఇరవై రెండేళ్ళొచ్చినా నేను ముక్క ముట్టుకోలేదు. ఇవాళ ట్రైనర్ కళావరు చూపించి ఇదేమిటంటే ఏదో ఆకు అన్నాను. క్లాసంతా నవ్వారు. నేనూ నవ్వాను.

జనవరి 14, శనివారం

నాకిచ్చిన ఆట క్యాసినో వార్. ఇంతకంటే తేలికైన ఆట ఇక్కడ లేదట. ఎదుటి మనిషి డబ్బిచ్చి చిప్స్ అనే బిళ్ళలు తీసుకుని పందెం పెడతాడు. అతనికో ముక్క, నాకో ముక్క, రెండూ తెరిచే వేస్తాను. ఎవరిది పెద్దదైతే వాళ్ళదే గెలుపు. ఆసు అన్నిటికంటే పెద్దది. ఇస్పేటా ఆఠీనా అన్నది అనవసరం. అతను గెలిస్తే పెట్టినంత ఇస్తాను, ఓడితే పెట్టింది లాక్కుంటాను. అంతే.

రెండు ముక్కలూ సమానమైతేనే పేచీ. అప్పుడు సగం వదులుకుని తప్పుకోవచ్చు. లేదంటే వార్. ముందు పెట్టినంత మళ్ళీ పెట్టాలి. నేను మూడు ముక్కలు పక్కన పడేసి, చెరొకటి కొత్తగా వేస్తాను. అతనిది పెద్దదైనా సమానమైనా గెలుపే, కానీ రెండోసారి పెట్టినదానికే డబ్బిస్తాం. మొదటిది ఊరికే తిరిగిచ్చేస్తాం. ఓడితే మాత్రం రెండూ పోతాయి. మిగతా ఆటంతా సగం సగమేనట, క్యాసినో బతికేది ఈ సమానం దగ్గరే. సమానం వస్తుందని విడిగా కూడా కాయొచ్చు, పదింతలిస్తాం. అది తెలివైనవాళ్ళు కాయరని ట్రైనర్ గొంతు తగ్గించి చెప్పింది.

జనవరి 18, బుధవారం, సాయంత్రం 6

బేస్‌మెంట్ గదిలో ఇస్త్రీ బల్ల మీద తువ్వాలు పరిచి ప్రాక్టీస్. ఎదురుగా కుర్చీకి నా వింటర్ జాకెట్ తొడిగాను. జాకెట్ పదిహేడుసార్లు గెలిచింది. లేచేటప్పుడు దానికి గుడ్ గేమ్ అని చెప్పాను. పొద్దుట్నుంచి నేను మాట్లాడిన మొదటి మాట అదేనని అప్పుడు తెలిసింది.

జనవరి 22, ఆదివారం

రత్నకుమారి ఆంటీ గురించి రాయాలి. మా తెలుగు ఫెలోషిప్ చర్చికి వెళ్ళేటప్పుడు నన్ను బస్టాప్ దగ్గర కార్లో ఎక్కించుకునేది ఆవిడే. ముసలివాళ్ళ కేర్‌హోమ్‌లో పని. అంకుల్ పోయి నాలుగేళ్ళయింది. కొడుకు కెవిన్ వేరే రాష్ట్రంలో, ఓక్‌విల్‌లో కార్ల ప్లాంట్‌లో చేస్తాడు. ఫోన్ చేస్తే ఓకే మామ్, ఓకే మామ్ అని పెట్టేస్తాడట.

రానూపోనూ నలభై నిమిషాలు. నాన్న ఫోన్ తప్పిస్తే వారం మొత్తానికి నేను నోటితో తెలుగు మాట్లాడేది అంతే. ఇవాళ ఎర్రమూత సీసాలో చింతకాయ పచ్చడి ఇచ్చారు. సీసా మాత్రం తిరిగివ్వమ్మా అన్నారు. ఉద్యోగం సంగతి చెప్పలేదు. మా నాన్న వాట్సాప్ ప్రార్థన గ్రూపులో ఆవిడ కూడా ఉన్నారు.

జనవరి 27, శుక్రవారం

ఈ వారమంతా చేతులే. బల్ల వదిలి కదిలినా, ముక్కు గోక్కోవాలన్నా, ముందు రెండు అరచేతులూ ఒకసారి తట్టి, అటూ ఇటూ తిప్పి పైన కెమెరాకి చూపించాలి. ఏమీ దాచుకోలేదని. నిద్రలో కూడా చేసేంత అలవాటు కావాలంది ట్రైనర్.

ఇంకో రూల్. తెలిసినవాళ్ళు మన బల్ల దగ్గర కూర్చుంటే వెంటనే సూపర్‌వైజర్‌కి చెప్పాలి. చెప్పకపోతే ఉద్యోగం పోతుంది. సంతకం పెట్టేశాను. విన్నిపెగ్‌లో నాకు తెలిసినవాళ్ళెవరున్నారు కనక.

ఫిబ్రవరి 5, ఆదివారం

ట్రైనింగ్ పాసయ్యాను. ఎవరికీ చెప్పలేదు.

చర్చిలో కానుకల సంచి నా దగ్గరికొచ్చింది. ఐదు డాలర్లు వేసి పక్కకిచ్చాను. ఇచ్చి, రెండు చేతులూ తట్టి, తిప్పి, సీలింగ్‌కి చూపించాను. నాకు తెలియకుండానే. పక్కన ఆంటీ ఉన్నారు.

కార్లో సగం దూరం వచ్చాం. తరవాత రోడ్డు మీంచి కళ్ళు తిప్పకుండా, ఏ బల్లమ్మా అని అడిగారు. నాకు ఏడుపొచ్చేసింది. వార్ అని చెప్పి, నాన్నతో అనొద్దని బతిమాలాను. నేనెందుకు చెప్తానమ్మా అన్నారు. మూడు వారాల్నించి ఉన్న భయం కాస్త దిగింది.

ఫిబ్రవరి 8, బుధవారం

ఆంటీ ఏం ఉద్యోగమని అడగలేదు. ఏ బల్ల అని అడిగారు.

ఫిబ్రవరి 14, మంగళవారం

మధ్యాహ్నం రెండింటికి ఆంటీ వచ్చి నా ఎదురుగా కూర్చున్నారు. కేర్‌హోమ్ యూనిఫాం మీద కోటు. హాయ్ డియర్ అని ఇంగ్లీషులో పలకరించారు, నన్నెప్పుడూ చూడనట్టు. సూపర్‌వైజర్ నాలుగడుగుల దూరంలో ఉన్నాడు. నేను నోరు తెరిచి, బెట్స్ ప్లీజ్ అన్నాను.

గంటన్నర ఆడారు. సమానం వస్తే ఎప్పుడూ వార్‌కే దిగారు, ఒక్కసారి కూడా తప్పుకోలేదు. ఓడిపోయినప్పుడు కూడా నా వైపు చూసి నవ్వుతున్నారు. కార్లో పక్కపక్కన కూర్చుంటాం. ఒకరి ముఖం ఒకరం ఇంతసేపు చూసుకోవడం ఇదే మొదటిసారి.

ఫిబ్రవరి 28, మంగళవారం

ఆంటీ వచ్చిన మూడో మంగళవారం. ఆదివారం కార్లో మాత్రం ఇద్దరం ఈ ఊసే ఎత్తం. బైబిల్ వాక్యం గురించి, గోంగూర దొరికే షాపు గురించి మాట్లాడుకుంటాం.

ఇక్కడ నిజం రాయకపోతే ఇంకెక్కడా రాయలేను. మంగళవారం కోసం నేను ఎదురుచూస్తున్నాను. ఒంటిగంటన్నర నుంచి నా కళ్ళు తలుపు మీదే. ఆవిడ ఓడిపోతుంటే నాకు బాధ లేదు, పోయింది రాబట్టుకోవడానికి మళ్ళీ వస్తారు కదా అనిపిస్తోంది. నా చేత్తోనే ఆవిడ చిప్స్ లాగుతున్నాను. సిగ్గుగా ఉంది. అయినా వచ్చే మంగళవారం కావాలి.

మార్చి 7, మంగళవారం

ఆవిడకి ఎనిమిది, నాకు ఎనిమిది. చివరి ఇరవై డాలర్ల చిప్స్ అప్పటికే పందెంలో ఉన్నాయి. తప్పుకుంటారా, వార్‌కి వెళ్తారా అని అడిగాను. ఉండమ్మా ఒక్క నిమిషం అన్నారు. ఆ బల్ల దగ్గర ఆవిడ తెలుగు మాట్లాడటం అదే మొదలు.

హ్యాండ్‌బ్యాగ్‌లోంచి తెల్ల కవరు తీశారు. దాని మీద బాల్‌పెన్‌తో, గుండ్రటి అక్షరాలతో, దశమభాగం, మార్చి నెల అని ఉంది. దేవుడికి తీసిపెట్టిన డబ్బు. ఆ హాల్లో వందలమంది ఉన్నారు. ఆ మాటలు చదవగలిగింది నేనొక్కదాన్నే. చదవనట్టు ఊరుకున్నా అడిగేవాళ్ళు లేరు. కవరు చింపి ఇరవై నోటు నా ముందు పెట్టారు.

ముట్టుకోలేదు. రెండు చేతులూ తట్టి, తిప్పి చూపించి, సూపర్‌వైజర్‌ని పిలిచాను. ఈవిడ నాకు తెలుసన్నాను. ఎప్పట్నించి అన్నాడు. సెప్టెంబర్ నించి అన్నాను. నీ బల్ల దగ్గర ఎన్నిసార్లు ఆడిందన్నాడు. నాలుగు.

ఆంటీ సగం వదులుకుని తప్పుకున్నారు. నోటు కవర్లో పెట్టుకుని లేచారు. నా వైపు చూడలేదు.

మార్చి 9, గురువారం

యూనిఫాం, బ్యాడ్జి తిరిగిచ్చేశాను.

మార్చి 12, ఆదివారం

ఎర్రమూత సీసా కడిగి తుడిచి బస్టాప్‌కి తీసుకెళ్ళాను. నలభై నిమిషాలు నిలబడ్డాను. చలికి కాలివేళ్ళు మొద్దుబారిపోయాయి. కారు రాలేదు. చర్చిలోనూ ఆవిడ లేరు.

నేను చేసింది సరైనదే. ఆ మాట చెప్పడానికి కూడా మనిషి లేదు.

మార్చి 19, ఆదివారం

ఇవాళ కూడా సీసాతో వెళ్ళి, సీసాతో వచ్చాను.

మార్చి 22, బుధవారం

మళ్ళీ వేర్‌హౌస్. హోటల్ ఎలా ఉందమ్మా అని నాన్న అడిగారు. అది హోటల్ కాదు నాన్నా అన్నాను. మొత్తం చెప్పాను, ఆంటీ సంగతి తప్ప. నాన్న చివరిదాకా విన్నారు. తరవాత, అన్నం తిన్నావా అని అడిగారు.

మార్చి 26, ఆదివారం

కారు ఆగింది. ఎక్కాను. సీసా ఒళ్ళో పెట్టుకున్నాను.

రెడ్ సిగ్నల్ దగ్గర ఆంటీ స్టీరింగ్ వదిలి, రెండు చేతులూ తట్టి, అటూ ఇటూ తిప్పి చూపించారు.

పైన కెమెరా లేదు. నేను చూశాను.