ఏడో నంబరు మంచం

మూన్ నది ఒడ్డు,
బుద్ధ శకం 2562, ఆగస్టు 14.

పూజ్యురాలైన రన్చువన్ అక్కకు, నీ దగ్గర సూది పట్టడం నేర్చుకున్న నుయ్ చేతులు జోడించి వ్రాయునది. ఇక్కడ అందరం క్షేమం. రాయడానికి రాశానే గానీ, వారం నుంచి నాకు ముద్ద దిగడం లేదు.

సోమవారం నువ్వు బ్యాంకాక్ నుంచి వస్తున్నావని, ఆసుపత్రి పొరపాట్లు లెక్కించే కొత్త పద్ధతి మా వార్డుతోనే మొదలుపెడతావని తెలిసింది. మేం రాసిచ్చే కాగితాలు చూడవట. చేతికందిన పాత ఫైళ్లు ఇరవై లాగి, ఈ రోగికి ఉన్నట్టుండి గ్లూకోజు ఎందుకు ఎక్కించారు అని ఆరా తీస్తావట. మా గోడ మీది బోర్డేమో పొరపాటు లేని రోజులు 310 అంటోంది. ఎవరూ రాసివ్వకపోతే 310 ఏం ఖర్మ, వెయ్యి కూడా అవుతుంది! పెద్ద నర్సు బుప్ఫా మేడమ్, బహుమతి వచ్చిన వార్డు మనది, ఎవరూ నోరు జారకండర్రా అని నవ్వుతూనే చెప్పింది. ఆ మాట నా వైపే చూస్తూ అంది.

మార్చి నెల ఫైలు ఒకటుంది అక్కా. మధ్యాహ్నం ముప్పై నలుగురికి నేనొక్కదాన్నే. ఏడో మంచం ఆవిడకు చక్కెర జబ్బు, ఇన్సులిన్ ఇవ్వాలి. ఎదురు వరసలో పద్దెనిమిదో మంచం పెద్దావిడకేమో తల పడమటికి వస్తోందట. శవంలా పడుకోబెడతారా నన్ను, అని ఏడో మంచం ఆవిడను బతిమాలి చోటు మార్చుకుంది. మనవాళ్లలో ఎవరు కాదంటారు? నాకు మాత్రం ఎవరూ చెప్పలేదు. నేను చేతికున్న పేరు పట్టీ చూడలేదు. అవ్వా, ఏడో మంచమేగా అన్నాను. ఔనే తల్లీ, గుచ్చెయ్, నీ చెయ్యి మెత్తన అంది. చక్కెర జబ్బే లేని మనిషి!

అరగంటకు ఒంట్లో చక్కెర పడిపోయి ఒళ్లంతా చెమట, పిలిస్తే పలకదు. గ్లూకోజు ఎక్కించాం. కళ్లు తెరవడానికి చాలా సేపు పట్టింది. మేడమ్ నా చెవిలో, ఎండకు సొమ్మసిల్లిందని రాయి, బతికిందిగా అంది. రాశాను. నా చేత్తో నేనే రాశాను.

అప్పటినుంచి ఎవరు పేరు పెట్టి పిలిచినా ఉలిక్కిపడుతున్నాను. నిన్న ఆ ఫైలు తీసి చింపబోయాను కూడా, చేతులు రాలేదు. లైసెన్సు పోతుందని భయమే. నీకు ముఖం చూపించాలంటే అంతకంటే భయం.

ఇట్లు,
నీ చెల్లెలి లాంటి
నుయ్

తా.క. ఆ ఫైలు కోసం వెతకొద్దు, నా దగ్గరే ఉంది, నీ చేతికే ఇస్తాను. పేరు చూసి కూలబడకు అక్కా. ఆ పెద్దావిడ మీ అమ్మ. మర్నాడు నువ్వొచ్చి, మా అమ్మను బతికించావే అని నన్ను కౌగిలించుకున్నావు. ఆవిడ నిన్ను గుర్తుపట్టనిది ఆ రోజు నుంచే. వయసు వల్ల కాదు.